పిండ హిమోగ్లోబిన్ నోరు నొక్కే ప్రోటీన్: బీసీఎల్11ఏ

సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జన్యు జబ్బు. దానితో పుట్టిన బిడ్డను మూడో నెలలో చూస్తే ఏ తేడా కనిపించదు. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, బోర్లా పడడానికి ప్రయత్నిస్తుంటుంది. మడమ గుచ్చి రక్తపు చుక్క తీసి, ఈ జబ్బుకు గొట్టంలో చేసే సాల్యుబిలిటీ టెస్టు చేస్తే అది కూడా నెగెటివ్ అని చూపించవచ్చు. ఆరు నెలలు దాటాక ఒకరోజు చేతులు, పాదాలు పైభాగం ఉబ్బి, ముట్టుకుంటే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు మళ్లీ టెస్టు చేస్తే పాజిటివ్. జబ్బు జన్యువు కడుపులో పడ్డనాటి నుంచీ ఉన్నదే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ జన్యువుకు పని మొదలైంది పుట్టిన తరువాతే.

ఆరు నెలల లోపు పిల్లలకు సాల్యుబిలిటీ టెస్టును నమ్మకూడదనే నియమం ఇందుకే. రక్తంలో ఈ జబ్బు తెచ్చే ఎస్ రకం హిమోగ్లోబిన్ తగినంత లేకపోతే గొట్టంలో ద్రవం మసకబారదు, వెనుక పెట్టిన గీతలు స్పష్టంగానే కనిపిస్తాయి. ఆ వయసులో రక్తం నిండా ఉండేది పిండ హిమోగ్లోబిన్, అంటే హెచ్‌బీఎఫ్. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ 1948లోనే ఈ సంగతి పట్టుకున్నారు. జబ్బు ఉన్న పసిపిల్లల ఎర్రకణాలు మొదటి నెలల్లో కొడవలిలా వంగకపోవడానికి పిండ హిమోగ్లోబినే కారణం కావచ్చని ఆమె అన్నారు. ఆ హిమోగ్లోబిన్ పోకుండా ఉంటే జబ్బే రాదు కదా అన్న ఆలోచన అక్కడి నుంచే మొదలైంది. దాన్ని పోగొడుతున్నది ఎవరో తేలడానికి మాత్రం మరో 60 ఏళ్లు పట్టింది.

హిమోగ్లోబిన్ ఒక్కో అణువులో నాలుగు గొలుసులు. పెద్దవాళ్లలో రెండు ఆల్ఫా, రెండు బీటా. పిండంలో రెండు ఆల్ఫా, రెండు గామా. ఆల్ఫా అప్పుడూ ఇప్పుడూ అదే, మారేది దాని జోడీ. బీటా, గామా జన్యువులు 11వ క్రోమోజోమ్ మీద ఒకే వరుసలో ఉంటాయి: ముందు ఎప్సిలాన్, తరువాత రెండు గామాలు, ఆపైన డెల్టా, చివర బీటా. బిడ్డ ఎదిగే కొద్దీ వాడుకలోకి వచ్చే వరుస కూడా దాదాపు ఇదే. ఈ వరుస మొత్తానికి ముందు ఒక నియంత్రణ ప్రాంతం ఉంది. డీఎన్ఏ మడతపడి, ఆ ప్రాంతం ఏ జన్యువు దగ్గరికి చేరితే ఆ జన్యువు గట్టిగా పనిచేస్తుంది. పిండంలో అది గామా దగ్గర ఉంటుంది, పెద్దయ్యాక బీటా దగ్గర. పుట్టేనాటికి 60 నుంచి 80 శాతం దాకా ఉండే హెచ్‌బీఎఫ్, పెద్దవాళ్లలో సాధారణంగా 1 శాతం కూడా ఉండదు.

సికిల్ సెల్‌లో తప్పు బీటా గొలుసులో ఉంది. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి తాళ్లుగా పేనుకుంటాయి, కణాన్ని లోపలి నుంచి సాగదీస్తాయి. గామా గొలుసులో ఆ తప్పు లేదు. అంతటితో ఆగక, 87వ స్థానంలో గామాకు ఉండే గ్లుటమీన్ ఆ పేనుడుకే అడ్డం పడుతుంది. ఒక గామా, ఒక ఎస్ కలిసిన మిశ్రమ అణువు కూడా ఆ తాడులో ఇమడదు. అంటే హెచ్‌బీఎఫ్ ఊరికే ఖాళీ పూరించదు, పక్కనున్న ఎస్‌ను కూడా పాడు చేయనివ్వదు. బీటా థలసీమియాలో కథ వేరు. అక్కడ బీటా గొలుసులే తక్కువ, జోడీ లేని ఆల్ఫాలు ముద్దకట్టి కణాన్ని మజ్జలోనే చంపేస్తాయి. గామా వస్తే ఆ ఆల్ఫాలకు జోడీ దొరుకుతుంది. రెండు జబ్బులకూ మందు ఒకటే కావడం వైద్యంలో అరుదుగా చూసే సదుపాయం.

ఎర్రకణాల్లో ఎవరూ వెతకని పేరు

బీసీఎల్11ఏ అనే పేరు చూస్తే దీనికి హిమోగ్లోబిన్‌తో సంబంధం ఉందని ఎవరూ అనుకోరు. బీ కణాలనే ఒక రకం తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్లలో, అంటే లింఫోమా, లుకేమియాల్లో విరిగి అతుక్కున్న క్రోమోజోముల దగ్గర దొరికిన జన్యువు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఉండేది 2వ క్రోమోజోమ్ మీద. పేరు తప్పుదారి పట్టించినా, ఎర్రకణాల వైపు దారి చూపించింది జనాభా మీద చేసిన జన్యు పరిశోధన. కొందరు ఏ జబ్బూ లేకుండానే పెద్దయ్యాక కూడా కాస్త ఎక్కువ హెచ్‌బీఎఫ్‌తో ఉంటారు. ఎక్కువ ఉన్నవాళ్ల, తక్కువ ఉన్నవాళ్ల డీఎన్ఏను మొత్తంగా పోల్చి, డీఎన్ఏ రాతలోని ఏ, టీ, జీ, సీ అక్షరాల్లో ఏ తేడా హెచ్‌బీఎఫ్ తేడాతో కలిసి నడుస్తోందో చూశారు. 2007లో లండన్ బృందం, 2008లో ఇటలీలోని సార్డీనియా దీవి జనం మీద పనిచేసిన బృందం ఒకే చోటికి వచ్చాయి: గ్లోబిన్లు ఉన్న 11వ క్రోమోజోమ్‌తో పాటు, 6వ క్రోమోజోమ్ మీద ఎంవైబీ జన్యువు పక్కన ఒక చోటు, 2వ క్రోమోజోమ్ మీద బీసీఎల్11ఏ లోపల ఒక చోటు.

ఇలాంటి పోలికలతో దొరికే చోట్లలో చాలావాటి ప్రభావం గోరంత. బీసీఎల్11ఏది అలా కాదు. పై మూడు చోట్లు కలిపితేనే మనిషికీ మనిషికీ హెచ్‌బీఎఫ్‌లో కనిపించే తేడాలో 20 నుంచి 50 శాతం దాకా వివరణ దొరుకుతుంది. అదే 2008 చివర్లో బోస్టన్‌లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం మనిషి మూలకణాల నుంచి పెంచిన ఎర్రకణాల్లో ఈ ప్రోటీన్‌ను తగ్గించి చూసింది. గామా లేచింది. 2011లో సికిల్ సెల్ ఉన్న ఎలుకల ఎర్రకణాల్లో బీసీఎల్11ఏను తీసేస్తే జబ్బు లక్షణాలు సర్దుకున్నాయి. గామా జన్యువు చెడిపోలేదు, ఎవరో నోరు నొక్కి ఉంచారు, చెయ్యి తీస్తే మళ్లీ మాట్లాడుతుంది అని అప్పటికి ఖాయమైంది.

ఆరు అక్షరాల మాట

ఈ ప్రోటీన్ పొడుగు రూపంలో 835 అమినో ఆమ్లాలు ఉంటాయి. గామాను అణిచే పని ప్రధానంగా ఈ పొడుగు రూపానిదే. డీఎన్ఏను పట్టుకునే భాగాలు జింక్ ఫింగర్లు. ఒక్కో వేలిలో రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడీన్లు ఒక జింక్ అయాన్‌ను పట్టుకుని చిన్న మడతను బిగిస్తాయి. ఆ మడత డీఎన్ఏ గాడిలోకి దూరి అక్షరాలను తడిమి చదువుతుంది. చివరన వరుసగా ఉండే మూడు వేళ్లు, నాలుగు, ఐదు, ఆరు, కలిసి వెతికే మాట ఒక్కటే: టీజీఏసీసీఏ.

గామా జన్యువు మొదలయ్యే చోటికి ముందు, ప్రమోటర్‌లో, ఆ మాట మైనస్ 118 నుంచి మైనస్ 113 వరకు ఉంది (జన్యువు మొదలు నుంచి వెనక్కి లెక్కపెట్టిన అక్షరాల స్థానాలు ఇవి). అక్కడే ఇంకో మాట దాని మీదికి ఎక్కి ఉంది: సీసీఏఏటీ. మొదటి మాటలోని చివరి మూడక్షరాలు, సీసీఏ, రెండో మాటకు మొదటి మూడు. సీసీఏఏటీని చదివేది ఎన్ఎఫ్-వై అనే వేరే ప్రోటీన్. అది కూర్చుంటే జన్యువు పనిచేస్తుంది. ఇక్కడ ఒక చిత్రం ఉంది. గామా ప్రమోటర్‌లో ఈ కలగలుపు ముక్క రెండుసార్లు ఉంది, ఒకటి మైనస్ 115 దగ్గర, రెండోది 27 అక్షరాల అవతల మైనస్ 88 దగ్గర. అక్షరాలు రెండు చోట్లా అవే. అయినా కణంలో బీసీఎల్11ఏ దూరంగా ఉన్న మైనస్ 115 చోటునే ఎక్కువగా పట్టుకుంటుంది, ఎన్ఎఫ్-వై దగ్గరగా ఉన్న మైనస్ 88 చోటును. ఒకే చోటు కోసం కొట్టుకోకపోయినా పోటీ తప్పదు. బీసీఎల్11ఏ తన చోట కూర్చుంటే, పక్కనే ఎన్ఎఫ్-వై కుదురుకోవడానికి చోటు చాలదు. బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో ఒకరు కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. బీసీఎల్11ఏను తీసేసిన కొద్ది గంటల్లోనే ఎన్ఎఫ్-వై వచ్చి చేరడం, ఆ వెంటనే గామా మొదలవడం 2021లో ప్రయోగాల్లో కనిపించాయి.

ఈ చోటు ఎంత ముఖ్యమో ప్రకృతి ముందే చూపించి పెట్టింది. కొన్ని కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా హెచ్‌బీఎఫ్ బాగా ఎక్కువగా ఉండిపోతుంది, దాని వల్ల వాళ్లకు ఇబ్బందీ ఉండదు. అలాంటి గ్రీకు కుటుంబాల్లో మైనస్ 117 దగ్గర జీ బదులు ఏ ఉంది. ఇంకొన్ని కుటుంబాల్లో మైనస్ 114 దగ్గర సీ మారింది. మరో చోట 13 అక్షరాల ముక్కే ఎగిరిపోయింది. మూడూ ఆ ఆరక్షరాల మాటను చెడగొట్టేవే. దశాబ్దాల పాటు ఈ మార్పులు పుస్తకాల్లో విడివిడి వింతలుగానే ఉండిపోయాయి. 2018లో జింక్ ఫింగర్లు చదివే మాట బయటపడ్డాకే వాటన్నిటికీ ఒకే వివరణ కుదిరింది. మైనస్ 200 దగ్గర ఇంకో మార్పుల గుంపు ఉంది. అది జెడ్‌బీటీబీ7ఏ అనే మరో అణచివేత ప్రోటీన్ కూర్చునే చోటు. గామా మీద కాపలా ఒక్కరిది కాదు.

అడ్డం కూర్చోవడంతోనే బీసీఎల్11ఏ పని అయిపోదు. తనతో పాటు ఒక దండును తెస్తుంది. ముఖ్యమైనది నూర్డ్ అనే సముదాయం. అందులో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ గుంపులను తీసేసే హెచ్‌డాక్1, 2, డీఎన్ఏ చుట్టలను జరిపే సీహెచ్‌డీ4, మిథైల్ గుర్తులున్న డీఎన్ఏను గుర్తుపట్టే ఎంబీడీ2 ఉంటాయి. ఎల్ఎస్‌డీ1 కూడా తోడవుతుంది. వీటి వల్ల ఆ ప్రాంతం డీఎన్ఏ బిగుసుకుపోయి, జన్యువును నకలు తీసే ట్రాన్స్‌క్రిప్షన్ యంత్రానికి అందకుండా పోతుంది. పిండంలో ఇదంతా ఎందుకు జరగదంటే, అక్కడ బీసీఎల్11ఏ ప్రోటీనే చాలా తక్కువ. పిండ కణాల్లో ఉండే లిన్28బీ అనే ప్రోటీన్ బీసీఎల్11ఏ జన్యువు నకలైన ఎంఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ తయారు కాకుండా చూస్తుంది. పెద్దయ్యాక కేఎల్ఎఫ్1 అనే ప్రోటీన్ బీసీఎల్11ఏను పెంచుతుంది. ఈ కేఎల్ఎఫ్1 బీటా జన్యువును కూడా నేరుగా లేపుతుంది. ఒక చేత్తో బీటాను పైకెత్తి, ఇంకో చేత్తో గామాను కిందికి తొక్కించడం అన్నమాట.

చంపకూడదు, చోటు చూసి తగ్గించాలి

ఇంత తెలిశాక తోచే మొదటి ఆలోచన: బీసీఎల్11ఏ జన్యువునే కత్తిరించేస్తే సరి. అది తప్పుదారి. ఈ ప్రోటీన్ ఒక్క ఎర్రకణాలది కాదు. ఇది లేకుండా పుట్టించిన ఎలుకలకు బీ కణాలు ఉండవు, పుట్టగానే చనిపోతాయి. రక్త మూలకణాలు తమ సత్తువ నిలుపుకోవడానికి ఇది కావాలి. మెదడు ఎదగడానికీ కావాలి. రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయిన మనుషులు కూడా ఉన్నారు. ఆ స్థితిని డయాస్-లోగన్ సిండ్రోమ్ అంటారు. బుద్ధి, మాట ఆలస్యమవుతాయి, రక్తంలో మాత్రం హెచ్‌బీఎఫ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఇంతకన్నా స్పష్టమైన హెచ్చరిక ఉండదు. మందుగా కావాల్సిన ఫలితమూ, రాకూడని నష్టమూ ఒకే మార్పులో ఉన్నాయి.

దారి చూపించింది మళ్లీ జనాభా పరిశోధనే. హెచ్‌బీఎఫ్ ఎక్కువున్న వాళ్లలో కనిపించిన అక్షర తేడాలు బీసీఎల్11ఏలో ప్రోటీన్‌ను రాసే భాగంలో లేవు, అలాంటి భాగాల మధ్య ఉండే ముక్కల్లో ఒకటైన రెండో ఇంట్రాన్‌లో ఉన్నాయి. మామూలుగా ఇంట్రాన్‌ను పనికిరాని పేజీల్లా తిప్పేస్తారు. ఇక్కడ అందులోనే జన్యువు పనిని పెంచే మీట లాంటి ఒక ఎన్‌హాన్సర్ దాగుంది. జన్యువు మొదలు నుంచి 55, 58, 62 కిలోబేసుల (ఒక కిలోబేసు అంటే వెయ్యి అక్షరాలు) దూరంలో మూడు తెరుచుకున్న ముక్కలు. అవి ఎర్రకణాల వంశంలో మాత్రమే పనిచేస్తాయి. బీ కణాలకు, మెదడు కణాలకు వీటితో నిమిత్తం లేదు. 2013లో ఇది తేలడంతో సమస్య రూపమే మారిపోయింది. ఇంటి మొత్తానికి మెయిన్ ఆపక్కర్లేదు, ఒక గదికి వెళ్లే వైరు దొరికింది.

ఆ ముక్కల్లో సరిగ్గా ఎక్కడ కోయాలో ఊహించి చెప్పలేదు, కోసి చూశారు. ఎన్‌హాన్సర్ పొడవునా క్రిస్పర్ పద్ధతిలో డీఎన్ఏను కోసే కాస్9 ప్రోటీన్‌కు చోటు చూపించే వందల గైడ్ ఆర్ఎన్ఏలు తయారు చేసి, కణానికి ఒకటి చొప్పున వెళ్లేలా ఎర్రకణాల పూర్వ కణాల్లోకి పంపారు. కణాలు ఎదిగాక హెచ్‌బీఎఫ్‌ను పట్టే యాంటీబాడీతో రంగు వేసి, ఎక్కువ వెలిగిన వాటిని, తక్కువ వెలిగిన వాటిని వేరు చేశారు. వెలిగిన గుంపులో ఏ గైడ్లు ఎక్కువగా చేరాయో లెక్కపెడితే, ఎన్‌హాన్సర్‌లో ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది. 2015లో వచ్చిన జవాబు ప్లస్ 58 ముక్కలో ఒక చిన్న మాట: టీజీఏటీఏఏ. అది గాటా1 అనే ప్రోటీన్ కూర్చునే చోటు. ఎంచిన గైడ్‌తో కాస్9 కత్తెర పడేది జీకీ దాని పక్కన ఏకీ మధ్య, అంటే గాటా అనే మాట లోపలే. కోసిన చోట కణం తానే హడావిడిగా అతికేస్తుంది. అతికేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా ఒకటి అదనంగా చేరుతుంది. ఆ పొరపాటే ఇక్కడ మందు. ఏ అక్షరం పోయిందన్నది పెద్దగా లెక్కలోకి రాదు, మాట చెడితే చాలు. కొత్త అక్షరం కచ్చితంగా రాయాల్సిన అవసరం లేకపోవడం వల్లే, మనుషుల మీద వాడే క్రిస్పర్ చికిత్సల్లో ఇది అన్నిటికన్నా ముందు ఆమోదం దాకా చేరిందని చెప్పవచ్చు.

మంచం దగ్గర ఇది ఎలా జరుగుతుంది

ఆ గైడ్ ఆధారంగా వర్టెక్స్, క్రిస్పర్ థెరప్యూటిక్స్ కంపెనీలు తయారు చేసిన చికిత్సే కాస్‌జెవీ. 2023 నవంబర్ 16న బ్రిటన్‌లో, డిసెంబర్ 8న అమెరికాలో సికిల్ సెల్‌కు అనుమతి వచ్చింది. 2024 జనవరిలో అమెరికాలో రక్తమార్పిడి తప్పని బీటా థలసీమియాకూ వచ్చింది. రెండూ అప్పుడు 12 ఏళ్లు నిండినవాళ్లకే. దీన్ని ఒక ఇంజెక్షన్ అనుకోవడం పెద్ద అపోహ. మొదటి అడుగు నుంచి ఆఖరి దాకా దాదాపు ఏడాది సాగే వ్యవహారం.

సికిల్ సెల్ రోగికి ముందు కనీసం ఎనిమిది వారాల పాటు రక్తం ఎక్కిస్తూ లేదా మారుస్తూ, ఎస్ రకం హిమోగ్లోబిన్ అయిన హెచ్‌బీఎస్‌ను 30 శాతం లోపు ఉంచాలి. హెచ్‌బీఎఫ్‌ను పెంచే మందు హైడ్రాక్సీయూరియా ఆపేయాలి, ఎందుకంటే అది మజ్జను అణిచి మూలకణాల దిగుబడి తగ్గిస్తుంది. తరువాత మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి దింపాలి. మామూలు మార్పిడుల్లో దీనికి మజ్జను ఉసిగొల్పి తెల్లకణాలను పెంచే జీ-సీఎస్ఎఫ్ మందు వాడతారు. సికిల్ సెల్‌లో అది నిషిద్ధం. తెల్లకణాలు ఒక్కసారిగా పెరిగి నొప్పి సంక్షోభం, ప్రాణాపాయం తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మూలకణాలను మజ్జ నుంచి వదిలించే ప్లెరిక్సాఫోర్ ఒక్కటే ఇస్తారు, కిలోకు 0.24 మిల్లీగ్రాములు, కణాలు తీయడానికి రెండు మూడు గంటల ముందు. థలసీమియా రోగికైతే రెండూ ఇవ్వవచ్చు.

సికిల్ సెల్ రోగులు చాలామందికి అలసట వచ్చేది ఇక్కడే. తయారీకి కిలో బరువుకు సుమారు 2 కోట్ల సీడీ34 కణాలు (మూలకణాల గుర్తు ఉన్నవి) సేకరించాలని లక్ష్యం. అది కాక కిలోకు కనీసం 20 లక్షల కణాలు ఎడిట్ చేయకుండా విడిగా దాచాలి, రేపు ఎడిట్ చేసిన కణాలు మజ్జలో నాటుకోకపోతే ప్రాణం కాపాడేవి అవే. ప్లెరిక్సాఫోర్ ఒక్కదానితో ఒక్క విడతలో ఇంత రావడం కష్టం. రెండు విడతలు మామూలు, ట్రయల్లో ఆరు దాకా పట్టినవాళ్లున్నారు. ప్రతి విడతకూ మధ్య వారాల విరామం, ఆ మధ్యంతా రక్తమార్పిడి. తీసిన కణాలను తయారీ కేంద్రంలో విద్యుత్ తాకిడితో రంధ్రాలు తెరిచి, కాస్9, గైడ్ కలిసిన ముద్దను లోపలికి పంపుతారు. వైరస్ వాడరు. కాస్9 కొద్ది రోజుల్లో కరిగిపోతుంది, కోత మాత్రం మిగులుతుంది. పరీక్షలు పూర్తయి కణాలు తిరిగి రావడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు.

కణాలు ఆసుపత్రికి చేరాకే బుసల్ఫాన్ మొదలు పెడతారు, ముందు కాదు. వరుసగా నాలుగు రోజులు ఇచ్చే ఈ కీమో పాత మజ్జను పూర్తిగా ఖాళీ చేస్తుంది. రక్తంలో మోతాదు కొలుస్తూ ఇవ్వాలి. తక్కువైతే పాత మూలకణాలు మిగిలి పోటీకి వస్తాయి, ఎక్కువైతే కాలేయం సిరలు మూసుకుపోతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సంతానం కలిగే శక్తి పోవచ్చు కాబట్టి అండాలు లేదా వీర్యం ముందే దాచుకోవాలి. ఈ సంగతి మొదటి రోజే మాట్లాడాలి. కణాల సేకరణ మొదలయ్యాక గుర్తొస్తే టైము దొరకదు. చివరికి మైనస్ 135 డిగ్రీల కింద ద్రవ నైట్రోజన్ ఆవిరిలో ఉన్న కణాలను కరిగించి, ఒక్కో వయల్‌ను కరిగిన 20 నిమిషాల్లోపు ఎక్కించాలి. కనీస మోతాదు కిలోకు 30 లక్షల కణాలు. అంటే 60 కిలోల మనిషికి 18 కోట్లు. సికిల్ సెల్ రోగుల్లో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) తిరిగి రావడానికి సగటున 27 రోజులు, ప్లేట్‌లెట్లకు 35. ఆ నెలంతా ఇన్ఫెక్షన్ భయం.

ఇన్ని కష్టాలకు ఫలితం ఎలా ఉంది? ట్రయల్లో తగినంత కాలం గమనించిన 30 మంది సికిల్ సెల్ రోగుల్లో 29 మందికి కనీసం వరుసగా 12 నెలలు తీవ్ర నొప్పి సంక్షోభం రాలేదు. 35 మంది థలసీమియా రోగుల్లో 32 మంది రక్తం ఎక్కించుకోవడం మానేశారు. ఆరో నెల నాటికి సికిల్ సెల్ రోగుల్లో హెచ్‌బీఎఫ్ 40 శాతం దాటింది. శాతం కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: అది దాదాపు అన్ని ఎర్రకణాల్లోనూ పంచుకుని ఉంది. ఒక ఎర్రకణంలో సుమారు 30 పికోగ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో 10 పికోగ్రాముల దాకా హెచ్‌బీఎఫ్ అయితే కణం వంగకుండా నిలబడుతుందని అంచనా. రిపోర్టులో 20 శాతం కనిపించినా, అదంతా కొన్ని కణాల్లోనే పోగై మిగతావి ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కణాలు మామూలుగానే వంగుతాయి. అందుకే ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరు హాయిగా, ఒకరు ఆసుపత్రిలో ఉంటారు.

తప్పు చోట కోత పడే భయం మీద చాలా చర్చ జరిగింది. అందులో గట్టిగా నిలిచే ఉదాహరణ ఒకటుంది. ఈ గైడ్‌కు సరిపోయే ఇంకో చోటు సీపీఎస్1 జన్యువు దగ్గర ఒక అక్షర తేడా వల్ల ఏర్పడుతుంది. ఆ తేడా ఆఫ్రికన్ మూలాలున్న వాళ్లలో కాస్త తరచుగా కనిపిస్తుంది. ఒక్క ప్రామాణిక జన్యు పటం పెట్టుకుని వెతికితే ఇది తగలదు. మన దగ్గర వాడే రోజు వస్తే, మన జనాభా డీఎన్ఏ తేడాలతో ఈ వెతుకులాట మళ్లీ చేయాల్సిందే.

వేరే దారులూ ఉన్నాయి. ఎన్‌హాన్సర్‌ను వదిలి, గామా ప్రమోటర్‌లోని మైనస్ 115 చోటునే మార్చడం ఒకటి. మామూలు కత్తెరతో చేస్తే ఒక చిక్కు: రెండు గామా జన్యువులు ఒకేలా ఉంటాయి కాబట్టి రెండు చోట్లా కోత పడి, మధ్యలోని దాదాపు 4.9 కిలోబేసుల ముక్క, ఒక గామాతో సహా, ఊడిపోవచ్చు. కోయకుండా అక్షరం మాత్రమే మార్చే బేస్ ఎడిటింగ్‌తో ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. ప్రమోటర్ పొడవునా బేస్ ఎడిటింగ్‌తో వెతికి హెచ్‌బీఎఫ్ పెంచే కొత్త మార్పులు పట్టిన పని వెల్లూరులోని స్టెమ్ సెల్ పరిశోధన కేంద్రం నుంచి 2022లో వచ్చింది. కానీ ఏ ఎడిటింగ్ అయినా బుసల్ఫాన్ తప్పలేదు. 2024లో అలాంటి బేస్ ఎడిటింగ్ ట్రయల్లో ఒక రోగి చనిపోయింది ఎడిటింగ్ వల్ల కాదు, బుసల్ఫాన్ ఊపిరితిత్తులకు చేసిన హాని వల్లేనని అంచనా వేశారు. కత్తెర సున్నితంగా మారింది, దానికి దారి చేసే మందు మాత్రం ఇంకా మొరటుదే. మాత్రతో పని జరగాలంటే ప్రోటీన్‌లో మందు ఇరుక్కునే గుంట ఉండాలి. జింక్ ఫింగర్ ప్రోటీన్లలో అది దొరకడం కష్టం.

ఏజెన్సీ నుంచి చూస్తే

కాస్‌జెవీ ధర 2023లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయలకు పైనే. పాడేరు, అరకు, భద్రాచలం, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో సికిల్ సెల్‌తో ఉన్న కుటుంబాలకు ఆ అంకె చెప్పడంలో అర్థం లేదు. అయితే బీసీఎల్11ఏ కథలో వీళ్లకు సంబంధించిన ముక్క వేరే ఉంది. మన దేశపు గిరిజనుల్లో సికిల్ జన్యువు ఎక్కువగా అరబ్-ఇండియన్ రకం నేపథ్యంతో వస్తుంది. దానితో పాటు గామా ప్రమోటర్‌లో మైనస్ 158 దగ్గర ఒక అక్షర తేడా కూడా వస్తుంది. అలాంటి వాళ్లలో హెచ్‌బీఎఫ్ ఆఫ్రికన్ రకాల కన్నా సహజంగానే ఎక్కువ. అంటే కాపలా కొంచెం సడలి ఉంది. దీనివల్ల జబ్బు లేదని కాదు. నొప్పులు, ఊపిరితిత్తుల సంక్షోభం, తుంటి ఎముక చావడం ఇక్కడా చూస్తూనే ఉన్నారు.

ఆ కాపలాను ఇంకాస్త సడలించే మందు చవకగానే దొరుకుతుంది: హైడ్రాక్సీయూరియా. ఇది బీసీఎల్11ఏ మీద నేరుగా పనిచేసే మందు కాదు, మజ్జను ఒత్తిడికి గురిచేసి అనేక దారుల్లో హెచ్‌బీఎఫ్‌ను పెంచుతుంది. మన దేశంలో, ముఖ్యంగా ఒడిశాలో, కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదే బాగా పనిచేసినట్టు తేలింది. 50 కిలోల మనిషికి అది రోజుకు 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి. చెడేది మందు వల్ల కాదు, రక్తపరీక్ష మానేయడం వల్ల. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 2,000 కన్నా, ప్లేట్‌లెట్లు 80,000 కన్నా తగ్గితే ఆపి, కోలుకున్నాక మళ్లీ ఇవ్వాలి. ఇంకో పొరపాటు, నెలరోజులు వాడి నొప్పి తగ్గలేదని మానేయడం. హెచ్‌బీఎఫ్ పెరగడానికి నెలలు కావాలి, ఎందుకంటే పాత కణాలు పోయి కొత్తవి రావాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా దీన్ని కొనసాగించకూడదు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 17 రాష్ట్రాల్లో, తెలుగు రాష్ట్రాలతో సహా, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. అక్కడ చేతికొచ్చే రిపోర్టులు చదివేటప్పుడు హెచ్‌బీఎఫ్ గడిని దాటేయకూడదు. పసిబిడ్డకు ఎఫ్, ఎస్ మాత్రమే వచ్చి, పెద్దవాళ్ల మామూలు హిమోగ్లోబిన్ అయిన హెచ్‌బీఏ రాకపోతే అది జబ్బు రిపోర్టే, ఎఫ్ ఎంత ఎక్కువున్నా సరే. రక్తం ఎక్కించిన మూడు నెలల్లోపు చేసిన పరీక్షలో కనిపించే హెచ్‌బీఏ రోగిది కాకపోవచ్చు, దాతది కావచ్చు.

ఇంకో రిపోర్టు ముందు ముందు మన ల్యాబులకూ రావచ్చు. కాస్‌జెవీ తీసుకున్న మనిషి రక్తానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీఎఫ్ 40 శాతం పైన, మిగతాది చాలావరకు ఎస్, హెచ్‌బీఏ మాత్రం ఉండదు. సంగతి తెలియని టెక్నీషియన్ దాన్ని పుట్టుకతో వచ్చిన ఎక్కువ హెచ్‌బీఎఫ్ రకం అని రాసి పంపుతాడు. ఆ మనిషి కూడా జబ్బు పోయింది కదా అనుకుంటాడు. మారింది మజ్జలోని మూలకణాల్లో బీసీఎల్11ఏ ఎన్‌హాన్సర్ మాత్రమే. బీటా జన్యువులో ఆరో స్థానపు తప్పు అలాగే ఉంది, అండాల్లో, వీర్యంలో ఏమీ మారలేదు. పిల్లలకు వెళ్లేది ఆ పాత జన్యువే, కాబట్టి పెళ్లికి ముందు రెండో వాళ్ల రక్తపరీక్ష అప్పుడూ చేయించాల్సిందే.